వెనక పెరట్లో చేదాకు

మా ఇంటి గడ్డిలో కలుపుమందు కొట్టే మనిషి ఫిబ్రవరి నెలాఖరులో వస్తాడు. అమెరికాలో మేముండే ప్లేనోలో అప్పటికి గడ్డి ఇంకా లేవదు. చలికి మాడిపోయి గోనెపట్టా రంగులో పడుంటుంది. అందులో పచ్చగా కళ్లబడేది డాండెలయన్ మొక్కొక్కటే. రంపపు పళ్లలాంటి అంచులున్న ఆకులు నేలని కరుచుకుని గుండ్రంగా పరుచుకుంటాయి. మధ్యలోంచి చిట్టిచేమంతి లాంటి పసుపుపచ్చ పువ్వొకటి లేస్తుంది. ఆ మనిషి ట్రక్కులోంచి పైపు లాక్కొచ్చి, ముందూ వెనకా తడిపేసి, ఇక్కడ నడవొద్దని చెప్పే చిన్న చిన్న జెండాలు గుచ్చి వెళ్లిపోతాడు. ఏటా జరిగే తంతే ఇది. ఈసారి ఆ తంతు ముగిసిన కాసేపటికి వంటింటి కిటికీలోంచి చూద్దును కదా, మా అమ్మ వెనక పెరట్లో ఆ జెండాల మధ్య చిన్న స్టూలు వేసుకుని, స్వెటర్ మీదుగా కొంగు బిగించి, ఒళ్లోకి ఆకు కోసుకుంటోంది.

నాన్న పోయాక ఒహాయోలో ఇల్లు అమ్మేసి అమ్మని నా దగ్గరికి తెచ్చుకున్నాను. ఈమధ్య ఆవిడ జ్ఞాపకం వచ్చీపోయే కరెంటులా ఉంది. పొద్దున నన్ను పేరుపెట్టి పిలిచి కాఫీలో పంచదార ఎక్కువైందని విసుక్కుంటుంది, మధ్యాహ్నానికల్లా "మీదే ఊరమ్మా?" అని మర్యాదగా అడుగుతుంది. కాబట్టి ఆవిడ పెరట్లో కూర్చుని ఏదో పీకుతోందంటే నేను ఆశ్చర్యపోకూడదు. కానీ ఆవిడ కోస్తున్నది డాండెలయన్ ఆకు, మా ఇంటి భాషలో చేదాకు. నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక సంఘటన జరిగిన తర్వాత, అమ్మ ఆ ఆకు వంక కన్నెత్తి చూసి ఎరగదు. దాని పేరెత్తితే గదిలోంచి లేచి వెళ్లిపోయేది. నేను చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా పరిగెత్తాను. పెరట్లో ఆవిడ నాతో అన్న మాటల బరువు తెలియాలంటే ముందు మా అమ్మమ్మ గురించి చెప్పాలి, ఎందుకంటే ఆ ఆకుని మా ఇంటి పొయ్యి మీదికి ఎక్కించింది ఆవిడే.

మా నాన్న డాక్టరు. ఒహాయోలో ఫ్యాక్టరీ పొగగొట్టాల నీడన ఉండే చిన్న ఊళ్లో, హాస్పిటల్‌కి దగ్గరలో ఇల్లు కొన్నారు. తెనాలిలో మూడో తరగతి చదువుతున్న నన్నూ అమ్మనూ తర్వాత పిలిపించుకున్నారు. ఆ వీధిలో తెలుగువాళ్లు కాదు కదా, ఇండియా వాళ్లే లేరు. అమ్మ రెండోసారి నెల తప్పాక వేవిళ్లతో మంచం దిగలేకపోయింది. అమ్మమ్మని రప్పించారు. ఇంకా మంచు పూర్తిగా కరగని రోజుల్లో ఆవిడ దిగింది. నేతచీర మీద అమ్మ కోటు, కాళ్లకి మేజోళ్లు, వాటి మీద హవాయి చెప్పులు. ఆమె పెట్టె తెరిస్తే ఇల్లంతా చింతపండూ, ఇంగువా, ఆముదం కలిసిన వాసన. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో మనిషి వాసన వచ్చిందని అమ్మ మురిసిపోయింది.

ఒక సంగతి ముందే చెప్పాలి. మా వైపు కుటుంబాల్లో అప్పట్లో అత్తగారు అల్లుడికి ఎదురుపడేది కాదు. పడినా మాట్లాడేది కాదు. అది గౌరవం. నాలుగు గదులూ, పొడుగాటి నడవా ఉన్న ఇంట్లో అది సాగుతుంది. మాదేమో వంటిల్లూ హాలూ కలిసిపోయిన చిన్న కొంప, మధ్యలో నడుమెత్తు గోడ తప్ప తలుపనేది లేదు. నాన్న కారు చప్పుడు వినపడగానే అమ్మమ్మ చటుక్కున ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి దాని వెనక నిలబడేది. నాన్న బూట్లు విప్పుకుని, మంచినీళ్లు తాగి, లోపలి గదిలోకి వెళ్లేదాకా ఆ తలుపు మూతపడేది కాదు. "చల్లదనమంతా బయటికి పోతోందని మీ అమ్మగారికి చెప్పు" అని నాన్న అమ్మతో అనేవారు. "అల్లుడుగారికి మజ్జిగ కావాలేమో కనుక్కోవే బుజ్జీ" అని తలుపు వెనక నుంచి అమ్మమ్మ నాతో అనేది. ఒకరి మాట ఒకరికి శుభ్రంగా వినపడేది. అయినా మా నోటి నుంచి రెండోసారి వినేదాకా ఇద్దరూ విననట్టే ఉండేవారు. నాకదంతా మంచి ఆటలా ఉండేది. పాలు, గుడ్లు చూసుకుంటూ నిలబడే అమ్మమ్మకి ఎలా ఉండేదో నేనెప్పుడూ అడగలేదు.

వచ్చిన వారానికే ఆవిడకి నాలుక చచ్చిపోయింది. ఆకుకూర లేకుండా ముద్ద దిగని మనిషి. షాపులో దొరికేదల్లా నీళ్లు నిండిన లెట్యూస్, డబ్బాలో ఉడకేసిన పాలకూర. "ఇంత నేల ఉంది, ఇంత వాన ఉంది, తినే ఆకొక్కటి మొలవదుటే ఈ దేశంలో?" అని దెప్పేది, ఆ దేశాన్ని నేనే చేసినట్టు. ఒక పొద్దున వెనక పెరటి కంచె అవతల మిసెస్ రుస్సో వంగి ఏదో కోయడం చూసింది. ఆమె ఇటలీ నుంచి వచ్చిన ముసలావిడ, ఎప్పుడూ నల్లగౌనే. ఇద్దరికీ ఒక భాష లేదు. మిసెస్ రుస్సో ఒక ఆకు తుంచి నోట్లో వేసుకుని నమిలి చూపించింది. అమ్మమ్మ ఇంకో ఆకు తుంచి వాసన చూసి, కాడ విరిచి కారిన తెల్లటి పాలు చూసి, నాలుక కొసకి తగిలించుకుంది. మొహం చిట్లించి, తర్వాత నవ్వింది. "చేదేగానీ మంచి చేదే" అంది. ఆ రోజు నుంచి ఆవిడ మిసెస్ రుస్సోని రూసమ్మ అనేది, ఆ ఆకుని చేదాకు అనేది.

ఇక పొద్దున్నే స్నానం చేసి, తడిజుట్టు ముడేసుకుని, చిన్న కత్తి పుచ్చుకుని వెనక పెరట్లోకి దిగేది. పువ్వు రాకముందు లేతాకే కోయాలి. పువ్వొచ్చాక ముదురు, విషమంత చేదు అనేది. ఒక పొంగు ఉడికించి ఆ నీళ్లు పారబోసి, అప్పుడు పప్పులో వేసేది. కందిపప్పు పండగలకే, మామూలు రోజుల్లో షాపులో దొరికే పచ్చబఠాణీ బద్దలే పప్పు. ఎండుమిరపకాయలూ వెల్లుల్లీ వేసి పోపు పెడితే వీధి చివరిదాకా ఘాటు. నాన్న ఆ పప్పు మాట ఎత్తకుండానే రెండోసారి కంచం జరిపేవారు. ఫ్రిజ్ తలుపు వెనక నుంచి గాజుల చప్పుడు వినపడేది, అదే ఆవిడ సంతోషం. నా వేలి మీద పులిపిరికి రోజూ ఆ కాడ పాలు రాసేది. అది నిజంగానే ఊడిపోయింది, ఆ పాలకో దాని కాలం తీరిపోయో నాకు తెలీదు. అమ్మకి పాదాలు ఉబ్బడం మొదలయ్యాక వేళ్లు తవ్వి, కడిగి, తరిగి, ఓవెన్‌లో సన్నసెగ మీద ఎండబెట్టేది. ఇల్లంతా మాడీమాడని కాఫీగింజల వాసన. దాన్ని కచ్చాపచ్చాగా దంచి కషాయం కాచి ఇచ్చేది. "మన ఊళ్లో అయితే గలిజేరాకు పెట్టేదాన్ని. కాళ్లకి నీరొస్తే దాన్ని మించింది లేదు. ఇక్కడికి ఇదే గలిజేరు" అనేది. నాన్న వాసన చూసి, "రోజుకి గుక్కెడు చాలని చెప్పు" అన్నారు. డాక్టరు వద్దనలేదని అమ్మమ్మ ఎంత గర్వపడిందో చెప్పలేను.

వెనక పెరట్లో ఆవిడ కోసేస్తుంటే అక్కడ పువ్వు కనపడేది కాదు. ముందు వైపు మాత్రం పసుపుముద్ద ఆరబోసినట్టు విరగబూసింది. అల్లుడు కారెక్కే చోట కూర్చుని కోయడం అమ్మమ్మకి మర్యాద కాదు. పక్కిళ్ల గడ్డి తివాచీలా ఉంటే మాదొక్కటే అలా ఉండేది. డాక్టరుగారూ, మీ ఇంటి మొక్కల గింజలు మా ఇళ్లలోకి ఎగిరొస్తున్నాయి అని ఎవరో నవ్వుతూనే అన్నారట. మా నాన్న ఆ వీధిలో ఒక్క మాట పడకుండా బతకాలనుకున్న మనిషి. ఒక శనివారం పంపు డబ్బా కొనుక్కొచ్చి మందు కొట్టారు. నేను స్నేహితురాలింటికి వెళ్తూ ఆయన ముందువైపు కొట్టడం చూశాను. తర్వాత ఎటువైపు కొట్టారో చూడలేదు.

ఆ తర్వాత వారంలోనే, ఆరో నెలలో, అమ్మకి కడుపు పోయింది. మగబిడ్డ. ఆ రోజుల గురించి నాకు గుర్తున్నవి ముక్కలే. మిసెస్ రుస్సో మా ఇంటి మెట్ల మీద మూత పెట్టిన గిన్నె ఒకటి పెట్టి తలుపు తట్టకుండా వెళ్లిపోవడం. నాన్న కారులోనే చాలాసేపు కూర్చుండిపోవడం. అమ్మ హాస్పిటల్ నుంచి వచ్చి గోడవైపు తిరిగి పడుకోవడం. నేను ఆవిడ పాదాల వైపు చూశాను, వాపు తగ్గింది. అది చూసి ఎందుకో నాకు చాలా భయం వేసింది.

తర్వాత ఒకరోజు అమ్మమ్మ గరాజ్‌లో చీపురు కోసం వెతుకుతూ ఒక డబ్బా చేతపట్టుకుని వచ్చింది. ఆవిడకి ఇంగ్లీషు రాదు. కానీ డబ్బా మీద పుర్రె, దాని కింద అడ్డంగా రెండు ఎముకల బొమ్మ ఉంది. మన కరెంటు స్తంభాల మీద ఉండేది అదే. ఆవిడ మొహంలో నెత్తురు లేదు. అమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుని, "రాజ్యం, ఇది గడ్డికి కొట్టే మందుటగా. ఎక్కడ చల్లారమ్మా? అల్లుడుగారిని అడిగి చెప్పవే" అంది. అమ్మ ఇటు తిరగలేదు. "నన్నేం అడక్కమ్మా" అంది. మర్నాడూ అడిగింది, అమ్మ అదే మాట. నేను గుమ్మం పట్టుకుని నిలబడి విన్నాను. నాన్న పక్కగదిలోనే ఉన్నారు. వెళ్లి అడిగితే ఒక్క నిమిషం పని. కానీ ఆ నిమిషం ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

అప్పటి నుంచి నాన్న ఇంట్లో ఉంటే అమ్మమ్మ వంటింట్లోకే రాలేదు. ఫ్రిజ్ తలుపు వెనక కూడా నిలబడలేదు. తన గదిలో తలుపు దగ్గరగా వేసుకుని కూర్చునేది. రూసమ్మ కంచె దగ్గరికి వచ్చి పిలిస్తే కర్టెన్ లాగేసింది. అమ్మ లేచి తిరగడం మొదలుపెట్టగానే వెళ్లిపోతానంది, టికెట్ మార్పించి పంపారు. ఎయిర్‌పోర్ట్‌లో అమ్మ ఆవిడని కావలించుకుంది గానీ, ఇద్దరూ ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకోలేదు. నాన్న దూరంగా పెట్టె పట్టుకుని నిలబడ్డారు. ఆయన ఒకసారి గొంతు సవరించుకున్నారు. అమ్మమ్మ ఆగింది. ఆయన పెట్టె ఆవిడ పక్కన పెట్టి వెనక్కి జరిగారు, ఆవిడ కొంగు తలమీదికి లాక్కుని లోపలికి వెళ్లిపోయింది.

తర్వాత సెలవులకి తెనాలి వెళ్లినప్పుడల్లా చూశాను, అమ్మమ్మ ఏ ఆకుకూరా ముట్టేది కాదు. గోంగూర లేదు, తోటకూర లేదు, చివరికి కూరలో కొత్తిమీర కూడా వేలితో పక్కకి తీసేసేది. కోసి వండడం అసలే లేదు. ఇంట్లో కడుపుతో ఉన్న ఆడపిల్ల ఉంటే తన చేత్తో మంచినీళ్లు కూడా ఇచ్చేది కాదు, వేరేవాళ్లని పిలిచి ఇప్పించేది. కాశీ వెళ్లినవాళ్లు ఇష్టమైనదొకటి అక్కడ వదిలేసి వస్తారు కదా, "మీ అమ్మమ్మ అందరిలా కాదర్రా, అమెరికా వెళ్లి ఆకుకూర వదిలేసి వచ్చింది" అని చుట్టాలు వేళాకోళం చేసేవారు. ఆవిడా నవ్వేది. మనవడు పోయిన దిగులని నేననుకున్నాను. నేను పెద్దదాన్నయి నా కూతురు నీల కడుపులో ఉన్నప్పుడు ఆ బిడ్డ మందు పడ్డ ఆకు వల్లే పోయాడా అని నాన్నని సూటిగా అడిగాను. "ఆ బిడ్డకి మొదటి నుంచీ ఎదుగుదల లేదమ్మా. ఆకుకీ మందుకీ దాంతో సంబంధం లేదు. మీ అమ్మమ్మకి అప్పుడే చెప్పించాను" అన్నారు. చెప్పించాను అన్న మాట నాకు పూర్తిగా సరిపోయింది. అమ్మమ్మ చనిపోయే ముందు కూడా పథ్యానికి పెట్టిన పాలకూర రసం వద్దని మొహం తిప్పుకుందని తెలిసి, పాపం ఎంత బెంగో అనుకుని ఊరుకున్నాను.

ఇప్పుడు మా నీల ఇంట్లో ఇలాంటి అడ్డుగోడలేమీ లేవు. అది సన్నీవేల్‌లో ఉంటుంది. మా అల్లుడు ఇక్కడే పుట్టిన తెలుగబ్బాయి, నాకు వీడియో కాల్ చేసి, "హాయ్ ఆంటీ, మీ బీపీ హౌ ఇజ్ ఇట్? నిజం చెప్పాలి" అంటాడు. మొన్నొకసారి నా వంకాయ కూరలో ఉప్పు ఎక్కువైందని నా మొహం మీదే చెప్పాడు. ముందు కోపం వచ్చింది, తర్వాత వాణ్ని ముద్దు పెట్టుకోవాలనిపించింది. డాండెలయన్ ఆకు కూడా ఇప్పుడు గొప్పింటిదైపోయింది. పెద్ద షాపుల్లో కట్టలు కట్టి, నీళ్ల తుంపర కింద నిలబెట్టి అమ్ముతున్నారు. నీల దాని వేళ్ల టీ బ్యాగులు పంపి, "అమ్మా, ఇది లివర్‌కి గుడ్, నువ్వు రోజూ తాగాలి" అని నాకు పాఠం చెబుతుంది. ఒకవైపు దాన్ని డబ్బిచ్చి కొంటున్నాం, ఇంకోవైపు డబ్బిచ్చి చంపిస్తున్నాం. అమ్మమ్మ ఉంటే నన్ను ఏం తిట్టేదో నాకు తెలుసు.

ఆ రోజు పెరట్లోకి పరిగెత్తి అమ్మ చెయ్యి పట్టుకున్నాను. "అమ్మా, లే. అవి ముట్టుకోకు. ఇందాకే స్ప్రే చేశారు."

"వెనకవైపు చల్లలేదు" అంది అమ్మ, తాపీగా.

"రెండు వైపులా చేశారమ్మా. ఆ జెండాలు చూడు."

"లేదమ్మా. ముందువైపే." ఒళ్లో ఆకు జాగ్రత్తగా సర్దుకుని, నా రెండు చేతులూ పట్టుకుంది. "ఆయన నీకు చెప్పమన్నారు. వెనకవైపు మీ అమ్మగారి కోసమే వదిలేశాను, అక్కడ చుక్క మందు పడలేదు, ఆవిడ మనసులో పెట్టుకోవద్దని చెప్పు అన్నారు. నేను చెప్పలేదు. చెప్పాననే ఆయనతో అన్నాను."

అప్పటికి గానీ నాకు తెలియలేదు, ఆవిడ మాట్లాడుతున్నది నాతో కాదని. వయసు పైబడ్డాక నాకు అచ్చం అమ్మమ్మ మొహం వచ్చిందని అందరూ అంటారు. ఆ తడిగడ్డి మీదే కూర్చుండిపోయాను. నాన్న పక్కిళ్లలాంటి గడ్డి కోసం తపించిపోతూ కూడా వెనకభాగం అత్తగారికి వదిలిపెట్టారు. ఆ ఒక్క ముక్క చేరి ఉంటే అమ్మమ్మ మిగతా బతుకంతా తన చేతుల్ని చూసుకుని భయపడేది కాదు. నాకు అమ్మ మీద పట్టరాని కోపం వచ్చింది. ఆవిడ ఎముకలన్నీ తేలిన భుజాలు పట్టుకుని కుదపాలనిపించింది. నాన్న మీదా వచ్చింది, ఎయిర్‌పోర్ట్‌లో గొంతు సవరించుకుని ఊరుకున్నందుకు.

"ఎందుకు చెప్పలేదు?" అన్నాను. అడిగింది నేనో, అమ్మమ్మో నాకే తెలీదు.

అమ్మ ఒళ్లో ఆకుల్లోంచి ఒక పండుటాకు ఏరి పక్కన పడేసింది. "ఆకు వల్ల కాదంటే ఇక నా వల్లే కదమ్మా" అంది. "నువ్వయితే ఆ నింద ఓర్చుకుంటావు అనుకున్నాను."

నా కోపం ఎటూ పోలేదు. అలాగని నిలవనూ లేదు. ఒళ్లో ఆకంతా తీసుకుని, పప్పులో వేస్తానని చెప్పి, గరాజ్‌లో చెత్తడబ్బాలో పారేసి, ఆవిడ చేతులు మోచేతుల దాకా సబ్బుతో రుద్ది కడిగాను. చీర మార్పించాను. ఆవిడ కునుకు తీస్తుంటే మా ఆయన్ని ఇంట్లో ఉండమని, షాపుకి డ్రైవ్ చేసుకుని వెళ్లి రెండు కట్టలు కొనుక్కొచ్చాను. ఒక పొంగు రానిచ్చి నీళ్లు పారబోశాను. ఎండుమిరపకాయలూ వెల్లుల్లీ వేసి పోపు పెడితే మా ఆయన దగ్గుతూ వచ్చి కిటికీలు తెరిచాడు.

అమ్మని టేబుల్ దగ్గర కూర్చోబెట్టి కంచంలో అన్నం పెట్టి పప్పు వేశాను. ఆవిడ కలపలేదు. ఎదురుగా ఉన్న ఖాళీ కంచం నా వైపు తోసి, "ముందు నువ్వు తిను" అంది. నాకు ఆ పూట అన్నం సయించేలా లేదు. తర్వాత తింటాలే అని లేవబోతే కొంగు పట్టుకుంది. "ఇప్పటికీ తినవా అమ్మా?" అంది. ఆ గొంతు విన్నాక లేవలేకపోయాను. కూర్చుని ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను. అది అమ్మమ్మ తినాల్సిన ముద్ద. నమిలీ నమలకుండా దిగమింగాను. నేను మింగేదాకా నా మొహంలోకే చూసి, అప్పుడు అమ్మ తన కంచంలో చెయ్యి పెట్టింది.